పాశ్చర్ గ్రంథమూ, పులిసే పాత్రలోని వేడీ

ఉన్నత పాఠశాలలో ఏ విద్యార్థిని లేపి కిణ్వనం అంటే ఏమిటని అడిగినా సమాధానం తడుముకోకుండా వస్తుంది. చక్కెర ద్రావణంలో ఈస్టు కలిపితే చక్కెర విచ్ఛిన్నమై ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు ఏర్పడతాయని చెబుతాడు. సమీకరణం కూడ నల్లబల్లమీద చక్కగా వ్రాస్తాడు. రెండు వైపులా పరమాణువుల లెక్క సరిపోతుంది. మార్కులు పూర్తిగా పడతాయి. కాని ఆ సమీకరణంలో కుడివైపున ఉండవలసినది ఇంకొకటి ఉన్నది. దానికి రంగు లేదు, వాసన లేదు, సీసాలో పట్టి చూపడానికి వీలు లేదు. అది వేడి.

ఈ లోపం మన పాఠ్యపుస్తకాలతో పుట్టినది కాదు. కిణ్వన శాస్త్రానికి పునాది వేసిన మహాగ్రంథాలలో ఒకటైన లూయీ పాశ్చర్ ‘బీరును గూర్చిన పరిశోధనలు’ అన్న గ్రంథంలోనే దాని మూలం కనిపిస్తుందని నా అభిప్రాయం. 1876లో పారిస్ నగరంలో ఫ్రెంచి భాషలో వెలువడిన ఆ గ్రంథం 1879లో ‘కిణ్వనాన్ని గూర్చిన పరిశోధనలు’ అన్న పేరుతో ఇంగ్లీషులోకి వచ్చినది. దానిని మెచ్చుకోనివారు లేరు. మెచ్చుకోవలసిన గ్రంథమే. అయినా మెచ్చుకుంటూనే దానిని నిలదీయవలసిన చోటు ఒకటి ఉన్నదని ఈ వ్యాసంలో చూపదలచినాను.

శాస్త్ర గ్రంథాన్ని విమర్శించడమంటే దానిలోని తప్పులు ఏరడం ఒక్కటే కాదు. అది ఏ ప్రశ్న వేసుకున్నది, ఏ ప్రశ్న వేసుకోలేదు అని చూడటం కూడ విమర్శే. అందుకు ఒక చిన్న పరీక్ష పెడుతున్నాను. ఇంటిలో ఇరవై లీటర్ల పాత్రలో బీరు పులియబెట్టుకొనే మనిషి చేతిలో ఈ గ్రంథం పెడితే అతనికి అది ఎంతవరకు తోడు వస్తుంది? ఎక్కడ చేయి వదులుతుంది? మన తెలుగు రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా ఇటువంటి పని చేయడానికి ఎక్సైజు చట్టం ఒప్పుకోదు. కాని బ్రిటన్‌లో 1963లో లైసెన్సు నిబంధన తొలగినప్పటినుండి, అమెరికాలో 1978లో చట్టం అనుమతించినప్పటినుండి ఎందరో ఈ పనిని ఇండ్లలో చేసుకుంటున్నారు. బీరు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఆ ఇంటి పాత్ర మనకొక చిన్న ప్రయోగశాల మాత్రమే.

గ్రంథం పుట్టిన సందర్భం

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం వచ్చినది. ఫ్రాన్సు ఓడిపోయినది. అప్పటికే పాశ్చర్ ద్రాక్షసారాయికి వచ్చే జబ్బులను పరిశీలించి 1866లో గ్రంథం ప్రకటించిన శాస్త్రజ్ఞుడు. 1871లో ఆయన క్లెర్మాంట్ ఫెరాండ్ నగరంలో తన శిష్యుడు ఎమీల్ ద్యూక్లో వద్దకు చేరి, అక్కడి ప్రయోగశాలలో బీరు మీద పని మొదలుపెట్టినాడు. దగ్గరలో షామాలియేర్ అనే చోట ఉన్న ఒక బీరు కర్మాగారం ఆయనకు పరిశీలన క్షేత్రమైనది. బీరు పరిశ్రమలో జర్మనీది పైచేయి. జర్మనీ బీరు నిలువ ఉంటుంది, ఫ్రెంచి బీరు చెడిపోతుంది అని లోకమంతా చెప్పుకునే రోజులవి. యుద్ధంలో ఓడిన దేశం ఈ ఒక్క పరిశ్రమలోనైనా తల ఎత్తుకోవలెనన్న కోరిక తనను ఈ పనికి పురికొల్పినదని పాశ్చర్ పీఠికలోనే దాపరికం లేకుండా చెప్పుకున్నాడు.

ఈ సందర్భాన్ని పాఠకులు గుర్తుంచుకోవలెను. యుద్ధం వేడి చల్లారని మనస్సుతో వ్రాసిన గ్రంథమిది. చెడిపోయిన ప్రతి పీపాలోనూ ఆయన ఒక శత్రువును వెదకినాడు. వెదకి పట్టుకున్నాడు కూడ. గ్రంథం బలం అక్కడే ఉన్నది. దాని పరిమితి కూడ అక్కడే ఉన్నదని నాకు తోస్తున్నది.

సూక్ష్మదర్శిని సాధించిన విజయం

బీరు తయారీ స్థూలంగా ఇది. బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి ఎండబెడతారు. దానిని మాల్టు అంటారు. మాల్టును దంచి వేడినీటిలో నానవేస్తే గింజలోని పిండిపదార్థం తీయని రసంగా మారుతుంది. ఆ రసాన్ని హాప్స్ అనే తీగ పువ్వులతో కలిపి మరగకాచి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. అక్కడినుండి పని ఈస్టుది.

ఈస్టుతోపాటు పిలవని చుట్టాలు కూడ పాత్రలోకి వస్తాయని పాశ్చర్ చూపించినాడు. పుల్లబడిన బీరులో ఒక రకం, జిగురు తీగలు సాగే బీరులో ఒక రకం, కుళ్ళు వాసన కొట్టే బీరులో మరొక రకం సూక్ష్మజీవులు సూక్ష్మదర్శిని క్రింద కనిపించినవి. కొన్ని సన్నని కడ్డీలు, కొన్ని పూసల దండలు. వాటి బొమ్మలను ఆయన గ్రంథంలో శ్రద్ధగా అచ్చువేయించినాడు. జబ్బు ఉన్నచోట జబ్బు సూక్ష్మజీవి ఉంటుంది, అది లేనిచోట బీరుకు జబ్బు రాదు అన్న సూత్రాన్ని స్థాపించినాడు.

1871 సెప్టెంబరులో ఆయన లండన్‌లోని ఒక పెద్ద బీరు కర్మాగారానికి వెళ్ళి, వారు వాడే ఈస్టును సూక్ష్మదర్శినితో పరీక్షించి, దానిలోని కల్తీని అక్కడికక్కడే చూపించిన ఉదంతం గ్రంథంలో ఉన్నది. మరల వెళ్ళేసరికి ఆ కర్మాగారంవారు తామే ఒక సూక్ష్మదర్శినిని కొని పెట్టుకున్నారు. శాస్త్రం పరిశ్రమ గుమ్మం తొక్కిన ఘట్టాలలో ఇది ఒకటి. విద్యార్థులకు చదివి వినిపించదగిన భాగం.

మన ఇంటి బీరు మనిషికి ఈ భాగం వేదవాక్కు. పాత్రలను, గొట్టాలను, మూతలను మరిగే నీటితోనో క్రిమిసంహారక ద్రవంతోనో శుభ్రపరచవలెనని అతడు ఇక్కడ నేర్చుకుంటాడు. మరిగిన రసాన్ని గోరువెచ్చని స్థితిలో గంటల తరబడి ఉంచకుండా త్వరగా చల్లార్చవలెనని తెలుసుకుంటాడు. నూరేండ్లకు పైబడిన గ్రంథం ఈ విషయంలో ఈనాటికీ పాతబడలేదు.

గ్రంథంలో చలికి ఇచ్చిన స్థానం

గ్రంథంలో ఉష్ణోగ్రతలు లేవని నేను అనడం లేదు. ఉన్నవి, జాగ్రత్తగానే ఉన్నవి. ఆ కాలంలో బీరు పులియబెట్టే పద్ధతులు రెండు. ఇంగ్లండులో వాడే పద్ధతిలో ఈస్టు నురుగుతో పైకి తేలుతుంది. అది సుమారు 18, 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సాగి మూడు నాలుగు రోజులలో ముగుస్తుంది. బవేరియా పద్ధతిలో ఈస్టు అడుగున చేరుతుంది. అక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు దాటనీయరు, 6 నుండి 8 డిగ్రీలలో ఉంచడానికి ప్రయత్నిస్తారు. పులియడానికి పది నుండి ఇరవై రోజులు పడుతుంది. ఆ చల్లదనం కోసం తొట్టెలలో మంచుగడ్డలు నింపిన లోహపు పాత్రలను తేలవేసేవారు. నేలమాళిగలలో మంచును గుట్టలుగా పోసేవారు.

ఇంత ఖర్చుపెట్టి చలి ఎందుకు? ఈ ప్రశ్నకు పాశ్చర్ ఇచ్చిన ముఖ్యమైన సమాధానం ఒకటే. చలిలో జబ్బు సూక్ష్మజీవులు వృద్ధిచెందవు, కాబట్టి బవేరియా బీరు నిలువ ఉంటుంది. అంటే ఆయన దృష్టిలో చలి కోటగోడ వంటిది. శత్రువు లోపలికి రాకుండా వేరే ఏర్పాటు చేయగలిగితే కోటగోడకు పెట్టే ఖర్చు తగ్గించవచ్చును గదా! పరిశుద్ధమైన ఈస్టును, పరిశుద్ధమైన గాలిని మూతపెట్టిన పాత్రలో వాడే తన పద్ధతివల్ల మంచుమీద ఆధారం తగ్గుతుందన్నది ఆయన ఆశ.

తర్కం చక్కగా ఉన్నది. సూక్ష్మజీవుల విషయంలో నిజం కూడ. కాని గమనించండి. ఈ తర్కంలో ఉష్ణోగ్రత ఎవరిమీద పనిచేస్తున్నది? శత్రువుమీద. మరి ఈస్టు మాట ఏమిటి? 8 డిగ్రీల వద్ద పనిచేసే ఈస్టు, 28 డిగ్రీల వద్ద పనిచేసే ఈస్టు ఒకే వస్తువును తయారుచేస్తాయా? గ్రంథం ఈ ప్రశ్న గుమ్మందాకా వస్తుంది. లోపలికి అడుగుపెట్టదు.

ఇరవై లీటర్ల పరీక్ష

ఇప్పుడు మన ఇంటి పాత్రకు వద్దాము. ఒకతను గ్రంథంలో చెప్పినట్లు అన్నీ శుభ్రపరచినాడు. మంచి ఈస్టు తెచ్చినాడు. గది ఉష్ణోగ్రత 22 డిగ్రీలు. పాత్రను గదిలో ఒక మూల పెట్టినాడు. రెండు వారాల తరువాత రుచి చూస్తే గొంతులో మంట, వార్నిషును తలపించే వాసన. బీరు చుక్కను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి వెదకినాడు. కడ్డీలు లేవు, పూసల దండలు లేవు. ఉన్నదల్లా పరిశుద్ధమైన ఈస్టు. పాశ్చర్ సూత్రం ప్రకారం బీరు ఆరోగ్యంగా ఉన్నది. తాగినవాడు మాత్రం ముఖం చిట్లించినాడు.

దోషి ఎవరో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క చాలును. ఒక కిలో మాల్టు చక్కెర పులిసినప్పుడు సుమారు 140 కిలోకేలరీల వేడి పుడుతుంది. ఇరవై లీటర్ల రసంలో నూటికి పది వంతుల చొప్పున రెండు కిలోల కరిగిన పదార్థం ఉన్నదనుకొనండి. దానిలో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 1.3 కిలోలు పులుస్తుంది. వెలువడే వేడి సుమారు 180 కిలోకేలరీలు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కిలోకేలరీ కావలెనన్నది మీకు తెలిసినదే. ఇరవై కిలోల ద్రవానికి ఈ వేడి పంచితే, అది బయటకు పోకుండా ఉన్నట్లయితే, 9 డిగ్రీల పెరుగుదల వస్తుంది.

నిజానికి కొంత వేడి పాత్ర గోడలనుండి గదిలోకి పోతూనే ఉంటుంది. కాని పులియడం ఉధృతంగా సాగే మొదటి రెండు మూడు రోజులలో పుట్టే వేడి పోయే వేడిని మించుతుంది. అందుచేత ఆ రోజులలో పాత్ర లోపలి ఉష్ణోగ్రత గది కంటె మూడు నాలుగు డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కూడ పైకి పోతుంది. గది 22 డిగ్రీలు చూపుతున్నా ఈస్టు 26 డిగ్రీలలో పనిచేస్తున్నది. వేడెక్కినకొద్దీ ఈస్టు ఇంకా జోరుగా పనిచేస్తుంది. జోరుగా పనిచేసినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఈ వలయాన్ని ఎవరో ఒకరు ఆపితే తప్ప అది తనంతట ఆగేది చక్కెర తరిగినప్పుడే.

అధిక ఉష్ణోగ్రతలో ఈస్టు త్వరగా పెరుగుతుంది. ఆ పెరుగుదలలో భాగంగా సామాన్య ఆల్కహాలుతోపాటు అంతకంటె పెద్ద అణువులుగల ఆల్కహాలులను కూడ ఎక్కువగా చేస్తుంది. గొంతులో మంటకు కారణం అవి. ఆల్కహాలులు, ఆమ్లాలు కలిసి ఎస్టర్లు అనే సువాసన పదార్థాలు కూడ ఏర్పడతాయి. వాటిలో ఒకటైన ఐసోఅమైల్ ఎసిటేటుకు పండిన అరటిపండు వాసన ఉంటుంది. బవేరియా గోధుమ బీరులో ఆ వాసన కావలెనని కోరి తెచ్చుకుంటారు. మరొక రకం బీరులో అదే వాసన దోషం. ఇథైల్ ఎసిటేటు మితిమీరితే వార్నిషు వాసన వస్తుంది. ఇవి లీటరుకు కొద్ది మిల్లిగ్రాముల మోతాదులో ఉన్నా ముక్కు పట్టేస్తుంది.

అట్లని చల్లగా ఉంచితే చాలునన్న సూత్రం కూడ నిలవదు. మరీ చల్లబడితే ఈస్టు పని మాని అడుగుకు చేరుతుంది. చక్కెర మిగిలిపోతుంది. ఇంకొక చిక్కు డయాసిటైల్. దీనికి వెన్న వాసన ఉంటుంది. ఈస్టు విడుదలచేసిన ఒక పదార్థం ద్రవంలో మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది. తరువాత ఈస్టే దానిని తిరిగి లోనికి తీసుకొని వాసన లేని వస్తువుగా మార్చివేస్తుంది. ఈ రెండు మార్పులూ కొంచెం వెచ్చదనంలోనే వేగంగా జరుగుతాయి. అందుచేత చల్లని పద్ధతివారు కూడ పులియడం ముగింపుకు వచ్చినప్పుడు ఉష్ణోగ్రతను 15 డిగ్రీలకు పైగా పెంచి ఒకటి రెండు రోజులు ఉంచుతారు. చూచినారా? ఉష్ణోగ్రత అంటే ఒక అంకె కాదు, రోజువారీ కాలపట్టిక. కోటగోడ ఉపమానం ఇక్కడ పనికిరాదు.

థర్మామీటరు ఎక్కడ ఉండవలెను?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవలెను. కొన్నేండ్ల క్రిందట కళాశాలలో కిణ్వనాన్ని ప్రదర్శించడానికి చక్కెర నీరు, రొట్టెల ఈస్టు కలిపిన ఫ్లాస్కును బల్లమీద పెట్టి, వాయువు బుడగలను సున్నపు తేటలోకి పోనిచ్చి, తేట తెల్లబడటం చూపించినాను. గంటగంటకు ఉష్ణోగ్రత వ్రాయమని విద్యార్థులకు చెప్పినాను. థర్మామీటరు ప్రయోగశాల గోడకు వ్రేలాడుతున్నది. వెనుక బల్లమీది విద్యార్థి ఒకడు లేచి, ‘పులిసేది గోడ కాదు గదండీ, థర్మామీటరు అక్కడ ఎందుకు?’ అన్నాడు. తరగతి నవ్వినది. నేనూ నవ్వినాను. కాని ఆ రాత్రి ఆలోచిస్తే అంతకుముందు ఏ సంవత్సరమూ థర్మామీటరును ద్రవంలో ముంచి చూడలేదని గుర్తుకు వచ్చినది. పాశ్చర్ గ్రంథాన్ని ఈ కోణంనుండి తిరిగి చదవడం ఆ ప్రశ్న తరువాతనే.

ఇంటి బీరువారు ఈ ప్రశ్నకు అనేక సమాధానాలు కనిపెట్టుకున్నారు. అన్నిటికంటె తేలికైనది, పాత్ర బయట అంటించే పట్టీ. దానిలోని ద్రవస్ఫటికాలు ఉష్ణోగ్రతనుబట్టి రంగు మారుతాయి. ఇంకా నమ్మకమైనది, అడుగు మూసిన సన్నని లోహపు గొట్టాన్ని ద్రవంలోకి దించి, దానిలో ఉష్ణోగ్రతను పసిగట్టే తీగను ఉంచడం. మూడవది, ఆ తీగ మొనను పాత్ర గోడకు ఆనించి, పైన మందమైన గుడ్డనో స్పాంజినో కప్పి కట్టడం. గది గాలి తగలకుండా ఉంటే పాత్ర గోడ లోపలి ద్రవం ఉష్ణోగ్రతను దాదాపుగా చూపుతుంది.

కొలవడం సగం పని. అదుపు మిగిలిన సగం. పాత్రను పాత రిఫ్రిజిరేటరులో పెట్టి, ఉష్ణోగ్రత హద్దు దాటినప్పుడు దానిని నడిపి, తగ్గినప్పుడు ఆపే స్విచ్చును అమర్చుతారు. ఇక్కడ భౌతికశాస్త్ర విద్యార్థికి మంచి పాఠం ఉన్నది. తీగ మొనను రిఫ్రిజిరేటరు గాలిలో ఉంచితే, తలుపు తీసినప్పుడల్లా గాలి వేడెక్కి యంత్రం మాటిమాటికీ నడుస్తుంది. గాలి సరిగా ఉన్నదన్న భ్రమలో లోపలి ద్రవం వేడిగానే ఉండిపోతుంది. మొనను ద్రవం నడిబొడ్డులో ఉంచితే మరొక చిక్కు. ద్రవం బరువైనది, నెమ్మదిగా చల్లబడుతుంది. అది హద్దుకు వచ్చి యంత్రం ఆగేసరికి చుట్టూ ఉన్న గాలి మరీ చల్లబడిపోయి ఉంటుంది. ఆ చల్లగాలి ద్రవాన్ని హద్దు కంటె క్రిందికి ఈడ్చుతుంది. అందుకే చాలామంది పాత్ర గోడకు ఆనించే మధ్యమార్గాన్ని ఎన్నుకుంటారు. నడిచే హద్దుకు, ఆగే హద్దుకు మధ్య అర డిగ్రీనో ఒక డిగ్రీనో ఎడం ఉంచుతారు. ఆగిన యంత్రం మరల నడవడానికి కొన్ని నిమిషాల విరామం ఇస్తారు. లేకపోతే కంప్రెసరు చెడిపోతుంది.

రిఫ్రిజిరేటరు లేనివారి ఉపాయం మనకు బాగా తెలిసినదే. పాత్రను నీళ్ళ తొట్టెలో నిలబెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి, ఫంకా గాలి తగిలేటట్లు చేస్తారు. వేసవిలో మనం మట్టికూజాలో నీరు చల్లబరచుకొనే సూత్రమే ఇది. ఒక కిలో నీరు మామూలు ఉష్ణోగ్రతలో ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకేలరీలు కావలెను. మన ఇరవై లీటర్ల పాత్రలో పుట్టే 180 కిలోకేలరీలను తీసివేయడానికి లీటరులో మూడవ వంతు కంటె తక్కువ నీరు ఆవిరైతే చాలును. అదే పని మంచుతో చేయవలెనంటే, కిలో మంచు కరగడానికి 80 కిలోకేలరీల చొప్పున, రెండుంబావు కిలోల మంచు కావలెను. ఇది పులియడంలో పుట్టిన వేడికి మాత్రమే. వెలుపలి గాలినుండి వచ్చే వేడి దీనికి అదనం. బవేరియావారు మంచును గుట్టలుగా పోసింది ఎందుకో ఈ లెక్క కొంత చెబుతుంది. వారు శత్రువును అడ్డుకోవడంతోపాటు, తెలిసో తెలియకో, ఈస్టు పుట్టించే వేడిని కూడ తోడిపోస్తున్నారన్నమాట.

పాశ్చర్‌కు న్యాయం

ఇంతవరకు చెప్పినదానినిబట్టి పాశ్చర్ ఏదో తేలికైన విషయాన్ని మరచిపోయినాడని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం. లీటరుకు కొద్ది మిల్లిగ్రాముల ఎస్టర్లను వేరుచేసి కొలవగల సాధనాలు ఆయన కాలంలో లేవు. సూక్ష్మదర్శిని ఆకారాలను చూపుతుంది గాని వాసనలను చూపదు. చేతిలో ఉన్న సాధనం ఏ ప్రశ్నకు సమాధానం చెప్పగలదో ఆ ప్రశ్ననే శాస్త్రజ్ఞుడు ముందు వేసుకుంటాడు. అది సహజం.

ఆయన తరువాత వచ్చినవారు గ్రంథాన్ని పూజించి ఊరుకోలేదు, సరిదిద్దినారు. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ బీరు జబ్బులకు బాక్టీరియాలే కాక కొన్ని అడవి ఈస్టులు కూడ కారణమని చూపించినాడు. ఈస్టును టార్టారిక్ ఆమ్లంతో శుద్ధి చేయవచ్చునన్న పాశ్చర్ సలహా అటువంటి అడవి ఈస్టులకే మేలు చేస్తుందని కూడ తేల్చినాడు. ఒకే కణంనుండి పెంచిన ఈస్టును 1883లో కర్మాగారంలో వాడుకలోకి తెచ్చినాడు. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టు కణాలను నలిపి పిండిన రసమే చక్కెరను పులియబెట్టగలదని చూపి, సజీవ కణం లేనిదే కిణ్వనం లేదన్న పాశ్చర్ వాదానికి హద్దు గీచినాడు. కిణ్వనాన్ని నడిపేవి ఎంజైములని తేలిన తరువాత ఉష్ణోగ్రతకు కొత్త అర్థం వచ్చినది. చివరకు 2011లో, దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవులలో దొరికిన ఒక ఈస్టు, చల్లని పద్ధతిలో వాడే బీరు ఈస్టుకు జన్మనిచ్చిన ఇద్దరిలో ఒకటని తెలిసినది. చలిని ఓర్చే గుణం దానినుండే వచ్చినది. అంటే బవేరియా చలి జబ్బులను ఆపడమే కాదు, తనకు తగిన ఈస్టును ఎన్నుకున్నది కూడ. పాశ్చర్ శత్రువును వెదకిన చోటనే మిత్రుడి కథ దాగి ఉన్నది.

పాశ్చర్ కంటె ముందువారిని కూడ మరచిపోరాదు. బవేరియాలో 1553లో వెలువడిన శాసనం సెప్టెంబరు 29 నుండి ఏప్రిల్ 23 వరకు మాత్రమే బీరు కాచవలెనని నిర్ణయించినది. సూక్ష్మజీవి అన్న మాట పుట్టక ముందే వేసవి బీరు చెడుతుందని వారికి అనుభవం చెప్పినది. లండన్‌లో మైఖేల్ కాంబ్రూన్ అనే బీరు తయారీదారు 1762లో ప్రకటించిన గ్రంథంలో థర్మామీటరును ఈ వృత్తికి ముఖ్య సాధనంగా నిలబెట్టినాడు. వేడిని, పనిని ఒకే త్రాసులో తూచిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ ఒక బీరు తయారీదారుని కుమారుడు. సూక్ష్మమైన ఉష్ణోగ్రత భేదాలను కొలవడంలో ఆయనకు సాటి వచ్చినవారు ఆ కాలంలో అరుదు. పాశ్చర్ గ్రంథం వెలువడిన 1870వ దశకంలోనే కార్ల్ లిండె శీతలీకరణ యంత్రాన్ని మ్యూనిచ్‌లోని బీరు పరిశ్రమ అండతో తీర్చిదిద్దినాడు. మంచుతో పని తగ్గించవలెనన్న పాశ్చర్ ఆశ నెరవేరినది, కాని చలిని వదలుకోవడంవల్ల కాదు. చలిని కోరినప్పుడు, కోరినంత తయారుచేసుకోగల యంత్రంవల్ల నెరవేరినది.

మన తరగతి గదికి

కాబట్టి ఈ గ్రంథాన్ని గూర్చి నా తీర్పు ఇది. బీరును ఎవరు చెడగొడతారు అన్న ప్రశ్నకు ఇంతకంటె గొప్ప సమాధానం ఆ శతాబ్దంలో రాలేదు. బీరు ఎట్లా బాగుపడుతుంది అన్న ప్రశ్నకు మాత్రం అది సగం సమాధానమే ఇచ్చినది. ఆ సగాన్ని మనం పూర్ణమనుకుని పాఠాలలో దించుకున్నాము. సూక్ష్మజీవుల పేర్లు చెబుతాము, సమీకరణం వ్రాయిస్తాము. పాత్ర ఎంత వేడెక్కినది అని అడగము. తప్పు పాశ్చర్‌ది కాదు, ఆయనను చదివి ఊరుకున్న మనది.

దీనిని సరిదిద్దడానికి బీరుతో పని లేదు. రెండు థర్మాస్ ఫ్లాస్కులు తీసుకొనండి. ఒక్కొక్కదానిలో 30 డిగ్రీల గోరువెచ్చని నీరు అర లీటరు, చక్కెర 50 గ్రాములు వేయండి. ఒకదానిలో మాత్రం రొట్టెలకు వాడే ఎండు ఈస్టు 10 గ్రాములు కలపండి. వాయువు బయటకు పోవలెను కాబట్టి బిరడా బిగించక, దూదిని వదులుగా పెట్టి, దానిగుండా థర్మామీటరును ద్రవంలోకి దించండి. అరగంటకు ఒకసారి రెండు ఫ్లాస్కుల ఉష్ణోగ్రతలను వ్రాసి గ్రాఫు గీయించండి. సాయంత్రానికి రెండు గీతలు ఎట్లా విడిపోయినవో విద్యార్థులే చూస్తారు. 50 గ్రాముల చక్కెరనుండి గరిష్ఠంగా ఎన్ని డిగ్రీల పెరుగుదల రావచ్చునో పైన చెప్పిన లెక్కతో వారిచేతనే కట్టించండి. కొలిచినది, లెక్కకట్టినది ఎందుకు సమానం కాలేదో చర్చించండి. ప్రయోగం అయిన తరువాత ద్రవాన్ని పారబోయండి.

ఇంటికి వెళ్ళినప్పుడు ఇంకొక సంగతి కూడ చూడమనండి. ఇడ్లీ పిండిలో ముఖ్యంగా పనిచేసేవి లాక్టిక్ ఆమ్లాన్ని చేసే బాక్టీరియాలు. బీరు కథ వేరు, దాని కథ వేరు. కాని డిసెంబరు రాత్రి పిండి పొంగకపోతే గిన్నెను గుడ్డతో చుట్టి పొయ్యి ప్రక్కన పెట్టే మన ఇల్లాలు, మే నెలలో పుల్లబడకుండా త్వరగా వాడుకొనే అదే ఇల్లాలు, ఉష్ణోగ్రతను అదుపు చేస్తూనే ఉన్నది. ఆమె చేయి గిన్నె మీద ఉంటుంది గాని గోడమీద ఉండదు. ఆ తేడా నాకు ఒక విద్యార్థి ప్రశ్నతో గాని తెలియలేదు.